పోశవ్వ పొదిగించిన నీళ్లు

మా పోశవ్వ నలభై బావుల నీళ్లను ఒక్క కోడిపెట్ట కింద పెట్టి పొదిగించింది. ఇరవై ఒక్క రోజులు అక్కర్లేకపోయింది. రెండో రోజుకే నిజం పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చి కియ్యోమంది. ఆ అరుపు మస్కట్ దాకా వినిపించి, అక్కడ రెండు వందల అడుగుల క్రేన్ మీద కూర్చున్న మనిషి వణుక్కుంటూ కిందికి దిగాడు. జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి సిరిసిల్లకు తిరిగే బస్సుల్లో ఎవర్నైనా అడిగి చూడండి. ఈ మాట కాదన్నవాడు దొరకడు. దొరికితే వాడు టికెట్ లేకుండా ఎక్కినవాడు, వాడి మాట చెల్లదు.

నా మాట చెల్లుతుందా అని మీకు అనుమానం రావచ్చు. బళ్లో సైన్సు సారు నన్ను నిలబెట్టి, "నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయిరా?" అని అడిగితే, "మా ఇంట్లోనైతే మా అమ్మ తెస్తుంది సార్" అని చెప్పి ఆ పూటే చదువు ముగించినవాణ్ని నేను. సారు ఇప్పుడెక్కడున్నారో, ఎవరు తెచ్చిన నీళ్లు తాగుతున్నారో తెలియదు. నేను మాత్రం నీళ్ల మీద ఇంత రాత రాస్తున్నాను.

పోశవ్వది మేడిపల్లి మండలంలో మా ఊరే, మా వాడే. యాభై దాటిన మనిషి. తొమ్మిదో ఏట బీడీల చాట ఒళ్లోకి ఎక్కింది, ఇంతవరకు దిగలేదు. పెళ్లి పీటల మీద తలంబ్రాల పళ్లెం ఒళ్లో పెడితే, చెయ్యి అలవాటు కొద్దీ బియ్యాన్ని చుట్టడానికి ఆకు వెతికిందని మా అమ్మ చెబుతుంది. మా అమ్మ అబద్ధమాడదు. మా ఇంట్లో ఆ విద్య నాకొక్కడికే అబ్బింది.

ఆమె పెనిమిటి లచ్చయ్య. సెంటు భూమి లేదు. మొదట భివండి మగ్గాలకు వెళ్లాడు. మగ్గాలు ఆగిపోతే దుబాయి వెళ్లాడు. అక్కడ కంపెనీ మూతపడితే, ఇంటికొచ్చి మూడు నెలలు అరుగు మీద కూర్చుని, మళ్లీ సౌదీ వెళ్లాడు. ఇప్పుడు ఎవరిదో తోటలో ఖర్జూరపు చెట్లకు నీళ్లు పెడుతున్నాడు. ఒకసారి ఫోనులో, "ఈడ సెట్లకు పెట్టే నీళ్లకు నెలనెలా పరీచ్చ జేత్తరే పోశీ. మనూర్ల మనుషులు తాగే నీళ్లను ఎవడన్న సూశిండా?" అన్నాడట. ఆ మాట పోశవ్వ చెవిలో ముల్లులా ఉండిపోయింది.

అందుకే, ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పుతామని జగిత్యాల నుంచి కబురు రాగానే పోశవ్వ పేరు రాయించుకుంది. తతిమ్మా నలుగురివీ ఊళ్లోవాళ్లే రాసేశారు. తీరా చూస్తే, వెళ్లాల్సిన రోజే బీడీ కంపెనీ ఆకు ఇచ్చే రోజైంది. నలుగురూ ఆకుకు వెళ్లారు. పోశవ్వ ఒక్కతే జగిత్యాల బస్సెక్కింది.

అక్కడి సారు పెట్టె తెరిచి, గాజు గొట్టాలు చూపించి, మందు చుక్కలు ఎలా వెయ్యాలో చెప్పాడు. "ఫ్లోరైడుకు పది చుక్కలమ్మా. తొమ్మిది కాదు, పదకొండు కాదు. లెక్క తప్పితే అంతా తప్పే" అన్నాడు.

పోశవ్వ లేచింది. "సారూ, నేను కట్టకు ఇరవై అయిదు బీడీలు కడుత. ఇరవై నాలుగైతే కంపినోడు కట్టంత మొఖం మీద కొడుతడు. మీది పదే గద. కండ్లు మూసుకోని ఏత్త."

ఆ తర్వాత సారు ఒక చిన్న సీసా చూపించాడు. అడుగున ఏదో మందు అంటించి ఉంది. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, రెండు రోజులు ఒంటి వెచ్చదనంలో ఉంచాలి. నీళ్లు టీ డికాక్షన్ రంగులోనే ఉంటే మంచివి. నల్లబడితే, ఆ నీళ్లలో దొడ్డికి పోయింది కలుస్తున్నట్టు. "చలికాలం కదా, మరీ చల్లని చోట పెట్టకండి. చొక్కా లోపలి జేబులో వేసుకుంటే సరిపోతుంది" అన్నాడు సారు.

గదిలో ఉన్న ముప్పై మంది ఆడవాళ్లూ తమ తమ చీరల వంక చూసుకున్నారు.

"సారూ, పెట్టెతోటి అంగీ గూడ ఇత్తరా?" అని అడిగింది పోశవ్వ.

అంగీ ఇవ్వలేదు. నీలం పెట్టె, ఏడు సీసాలు ఇచ్చారు.

మొదటి సీసా పోశవ్వ బొడ్లో దోపుకుంది. బీడీలు చుట్టే మనిషి ముందుకు వంగకుండా ఉండలేదు. వంగినప్పుడల్లా సీసా కడుపులో పొడుస్తోంది. నిటారుగా కూర్చుంటే బీడీలు వంకర పోతున్నాయి. మధ్యాహ్నానికి మూత ఊడి, చీర తడిసి, చూసినవాళ్లు ఏమేమో అనుకున్నారు. అప్పుడామె చూపు మూలనున్న గంప మీద పడింది. గంపలో వరిగడ్డి, గడ్డి మీద తొమ్మిది గుడ్లు, గుడ్ల మీద ఆమె ఎర్ర కోడిపెట్ట.

ఇక్కడ మీరు కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే లోకం మారిన క్షణం ఇది. పోశవ్వ రెండో సీసా తీసి పదో గుడ్డుగా పెట్టింది. కోడి మెడ వంచి ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది. తర్వాత ముక్కుతో సీసాను మెల్లగా కడుపు కిందికి జరుపుకుని కళ్లు మూసుకుంది. ఆకారం వేరైనా బిడ్డ బిడ్డే అనుకుంది కాబోలు. మా సైన్సు సారుకు నా మీద అందులో సగం దయ ఉన్నా నేనీపాటికి జగిత్యాలలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని.

ఆ సీసాలోవి పోశవ్వ ఇంటి నల్లా నీళ్లు. రెండు రోజుల తర్వాత చూస్తే డికాక్షన్ రంగే. మంచివి. మూడో సీసా బడి దగ్గరి బోరింగుది. అదీ మంచిదే. నాలుగోది ఊరి చివర పాడుబడిన బావిది. కారు టైరులా నల్లబడింది. అది విని ఊళ్లో పరీక్ష పేరు పోయింది, సారు పేరు పోయింది, పెట్టె పేరు కూడా పోయింది. మిగిలింది కోడి పేరే. "పోశవ్వ కోడి నీళ్ల మంచిచెడ్డ జెప్పుతదట" అన్నారు. మల్యాల నుంచి కొండగట్టు వెళ్లే బస్సులు రెండు దారి తప్పి మా వాడలోకి వచ్చాయని నేను చెప్పగలను, కానీ చెప్పను. అతిశయోక్తి నాకు గిట్టదు.

కల్లు గీసే రాజమౌళి గౌడ్ మాత్రం వచ్చిన మాట నిజం. లొట్టెడు కల్లు తెచ్చాడు.

"పోశవ్వా, నా కల్లుల మందు కలుపుతున్ననని లోకం అంటున్నది. జర నీ కోడితోటి శుద్ధమైనదని శెప్పియ్యి."

"అన్నా, గిది నీళ్లకే. నీ కల్లు కింద పెడితే పిల్లలు తూలుకుంట పుడుతయి."

ఇంతవరకు నవ్వులాటే. సత్తెవ్వ ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో ఎవరూ నవ్వడం లేదు.

సత్తెవ్వ అంటే సత్యవ్వ, ఈ రాజమౌళికి వదిన. కొడుకు ప్రేమ్‌సాగర్ మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. కాబట్టి రెండంతస్తుల ఇల్లు, స్టీలు రెయిలింగు, వాకిట్లో రంగు రంగుల టైల్స్, హాల్లో అద్దాల షోకేసు, షోకేసు నిండా ఖాళీ సెంటు సీసాలు. వాకిట్లోనే బావి. చక్కెర బావి అంటారు దాన్ని, అంత తియ్యటి నీళ్లు. నల్లాలు వచ్చాక కూడా సత్తెవ్వ ఆ ఇంట్లో నల్లా నీళ్లు తాగనివ్వలేదు.

కోడలు సరితది సిరిసిల్ల. పదకొండు నెలల పాప మోక్ష. ఆ పాపకు ఆగి ఆగి విరేచనాలు. కోరుట్ల దవాఖానాలో మూడుసార్లు సెలైన్ ఎక్కించారు. నాలుగోసారి చేతికి నరం దొరక్క, తల మీద జుట్టు గొరిగి అక్కడ ఎక్కించారు. ఇంటికొచ్చిన నాలుగో రోజున మళ్లీ మొదలైంది. పాప ఏడుపు పిల్లి కూన అరిచినంత సన్నబడింది.

సత్తెవ్వ తీర్పు ఎప్పుడో ఇచ్చేసింది. "సిరిసిల్ల పొల్ల పాలు మా వంశానికి పడతలేవు. అయితారం నాడు పొల్లను దీస్కోని అవ్వగారింటికి పో. ఆడనే నయమైతది."

అవ్వగారింటికి తాళం ఉంది. సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయి, సరిత అమ్మానాన్నలు ఆర్నెల్ల కింద భివండి వెళ్లిపోయారు. తాళంచెవి పక్కింటివాళ్ల దగ్గరుంది. అంటే ఆదివారం నాడు సరిత, తలలో సూది గుచ్చిన పాపను చంకనేసుకుని, మనిషి లేని ఇంటి తాళం తీయాలి. ఆ మాట సత్తెవ్వకు చెప్పింది. "గాలి మారుతది" అంది సత్తెవ్వ.

బుధవారం పొద్దున సరిత పోశవ్వ గుమ్మం ముందు నిలబడింది. "పెద్దవ్వా, మా బాయి నీళ్లు జర సూడరాదు."

పోశవ్వ చేతిలో బీడీ ఆగింది. "మీ అత్త నన్ను బాయి గద్దె ఎక్కనియ్యది గదా బిడ్డా."

"గద్దె ఎక్కకు. కిందనే నిలవడు. నీళ్లు అత్తమ్మనే పోత్తది. నీకు పోసుడు ఆమెకు అలవాటే గద."

అలవాటు సంగతి చెప్పాలి. సత్తెవ్వ మా వాడవాళ్లను ఆ బావి గిరక ముట్టనివ్వదు. అలాగని నీళ్లు ఇవ్వనని ఎన్నడూ అనలేదు. గద్దె కింద బిందె పట్టుకుని నిలబడితే, పైనుంచి జానెడు ఎత్తున పోస్తుంది. బొక్కెన అంచు బిందె అంచుకు తగలకూడదు, తన వేలు నీళ్లకు తగలకూడదు, ఒక్క చుక్క వెనక్కి చిందకూడదు. నలభై ఏళ్లలో ఒక్కసారి తగల్లేదు. జగిత్యాల సారు ముప్పై మంది ఆడవాళ్లకు గంటసేపు నేర్పింది కూడా అచ్చం ఇదే. సీసా మూతి ముట్టొద్దు, అంచుకు అంచు తగలొద్దు, పైనుంచి సన్నని ధారగా పొయ్యాలి.

పోశవ్వ సీసా పట్టుకుని గద్దె కింద నిలబడగానే సత్తెవ్వ కస్సుమంది. "మా బాయికి పరీచ్చా? మా మామ గీ నీళ్లు తాగి తొంబై ఏండ్లు బతికిండు."

"మీ మామ కల్లు తాగి బతికిండక్కా. నీళ్లు మొఖం కడుక్కునేటందుకు వాడేటోడు. ఊరంత ఎరుకే."

రాజమౌళి పక్కనుంచి, "గది నిజమే వదినె" అన్నాడు. సత్తెవ్వ వాణ్ని చూసిన చూపుకు వాడి లొట్టి పగలాల్సింది. అయినా పరువు పంతమైంది. "పోసుకో. నీ కోడే సిగ్గుపడుతది" అని ధార వదిలింది. సన్నగా, తిన్నగా, ఎక్కడా తగలకుండా సీసా గీత దాకా వచ్చి ఆగింది.

"సారు సెప్పిన తీర్గనే పోసినవక్కా" అంది పోశవ్వ. "నీకు టెయినింగ్ అక్కర్లేదు."

ఆమె అక్కడితో ఆగలేదు. అవే నీళ్లు సరిత చేత మరిగేదాకా కాగబెట్టించి, చల్లార్చి, ఇంకో సీసాలో పోయించింది. రెండు సీసాలూ పక్కపక్కన కోడి కిందికి వెళ్లాయి. ఒకదాని మూతకు ఎర్ర దారం, బీడీ కట్టే దారమే. అది పచ్చి నీళ్లది.

శుక్రవారం పొద్దున పోశవ్వ గంపను అరుగు మీదికి తెస్తే ఊరు సగం చుట్టూ చేరింది, సత్తెవ్వ మాత్రం వీధిలోనే నిలబడింది. పోశవ్వ కోడి కింద చెయ్యి పెట్టింది. కోడి ఆమె మణికట్టు మీద పొడిచింది. మొదటి సీసా బయటికొచ్చింది, దారం లేనిది. డికాక్షన్. రెండోది వచ్చింది, ఎర్ర దారంది. పెనం అడుగులా నల్లగా ఉంది.

సరిత పాపను ఇంకాస్త గట్టిగా హత్తుకుంది.

సత్తెవ్వ ఒక్క క్షణం తడబడి తేరుకుంది. "కోడిపీతి అంటింది. గందుకే నల్లగైంది."

"మూత బిగిచ్చి ఉన్నదక్కా. రెండు సీసలు ఒక్క కోడి కిందనే ఉన్నయి. రెండూ నీ బాయియే. ఒకటి కాగినయి, ఒకటి కాగనియి."

"నీ కోడికి మామీద పగ."

"మీరు దానికి ఏం జేసిన్రని పగ?"

సత్తెవ్వ దగ్గర ఇంకో ఆయుధం ఉంది. "పొల్లకు మేం బాయి నీళ్లు పోత్తలేం. ఫిల్టర్‌ల పోసి తాపుతున్నం. మస్కట్ ఫిల్టర్!"

నిజమే, ఫిల్టర్ ఉంది. ప్రేమ్‌సాగర్ సెలవుకొచ్చిన స్నేహితుడి చేత పంపాడు. తళతళలాడే స్టీలు డబ్బాలు రెండు, ఒకదాని మీద ఒకటి. పై డబ్బాలో పోసిన నీళ్లు అందులోని తెల్లటి పింగాణీ గొట్టాల గుండా వడకట్టుకుని కింది డబ్బాలోకి దిగాలి. అందరూ సత్తెవ్వ ఇంటికి నడిచారు, పోశవ్వ గుమ్మం బయటే నిలబడింది. సరిత వెళ్లి పై డబ్బా మూత తీసింది. లోపల ఏమీ లేదు. అడుగున రెండు బెజ్జాలు, బెజ్జాల గుండా కింది డబ్బా, ఆ డబ్బాలో పచ్చి బావి నీళ్లు.

"అత్తమ్మా, గీల్ల ఉండే తెల్ల గొట్టాలేవి?"

"గవా? అడ్డం పడుతున్నయని తీసిన. సుక్క సుక్క దిగుతున్నయ్ నీళ్లు. సుట్టాలత్తే తెల్లారేదాక కూసుంటరా?"

గొట్టాలు షోకేసులో ఉన్నాయి. సెంటు సీసాల మధ్య, పైవరసలో, ప్లాస్టిక్ గులాబీల పక్కన. మస్కట్ నుంచి వచ్చిన వస్తువుల్లో అవే తెల్లగా ముచ్చటగా ఉన్నాయని సత్తెవ్వ రోజూ తుడుస్తోంది కూడా.

పోశవ్వ నవ్వలేదు. నేనైతే నవ్వి చచ్చేవాణ్ని. ఆమె పాప తల మీద గొరిగిన చోటు చూస్తోంది. "అక్కా, నీళ్లల్ల దొడ్డిది కలుత్తున్నది. మీ లెట్రిన్ గుంత యాడున్నది?"

"బాయికి ఆ ఒడ్డుకు. ఇంటి అవతలి మూలకు. మా సాగర్ మస్కట్ల కూసోని వీడియోల సూపిచ్చుకుంట తవ్విచ్చిండు. బాయికి దూరముండాలె అని వాడే జెప్పిండు."

"నువ్వు సూశినవా?"

చూడలేదు. గుంత తవ్విన వారం సత్తెవ్వ, సరిత ఇద్దరూ కాన్పుకు సిరిసిల్లలో ఉన్నారు. ఊళ్లో ఉన్నది మేస్త్రి బాలకిషన్, అతని చేతిలో ఫోను. వాళ్లు తిరిగొచ్చేసరికి గుంత మీద బండలు, బండల మీద మట్టి, మట్టి మీద రంగు రంగుల టైల్స్. ఎక్కడ చూసినా ఒకేలా ఉన్న వాకిలి.

"టైల్స్ పగలగొట్టనియ్య" అంది సత్తెవ్వ. "అయితారం బస్సు పొద్దున ఎనిమిదింటికి."

టైల్స్ పగలగొట్టకుండా నేల కింద ఏముందో చూడాలి. పోశవ్వకు తోచలేదు. కోడికీ తోచలేదు. తోచింది సరితకు. బతుకమ్మకు గునుగు పూలకు అద్దగా మిగిలిన ఎర్ర రంగు పొట్లం ఆమె పెట్టెలో ఉంది. మామూలు రంగు కాదు. సిరిసిల్లలో లంగాల గుడ్డకు వేసేది, వాళ్ల నాన్న ఇచ్చింది. చిటికెడు వేస్తే గంగాళమంతా ఎర్రబడుతుంది. శుక్రవారం సాయంత్రం ఆమె పొట్లమంతా లెట్రిన్‌లో కుమ్మరించి బకెట్ల మీద బకెట్లు నీళ్లు పోసింది. ఎవరికీ చెప్పలేదు. పాపకు మాత్రం కాగిన నీళ్లే పట్టింది, అత్త చూడకుండా.

ఆదివారం తెల్లవారింది. గడప పక్కన సరిత సంచి సర్ది ఉంది. సత్తెవ్వ స్నానానికి బావిలో బొక్కెన వేసి చేదింది. బొక్కెన పైకొచ్చింది.

నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

ఆమె పెట్టిన కేకకు ఊరు ఊరంతా వచ్చింది. సత్తెవ్వ మళ్లీ చేదింది, మళ్లీ గులాబీ. రాజమౌళి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పోచమ్మ తల్లికి కోపమచ్చింది వదినె. కోడిని గొయ్యాలె."

"ఏ కోడిని?"

"గా సాచ్చెం జెప్పిన కోడినే. దాంతోనే గద గీ లొల్లంత మొదలైంది."

పదిమంది ఔనన్నారు. అంతలో పోశవ్వ వచ్చింది. "కోడి గుడ్ల మీదున్నది, దాన్ని లేపితే నేను ఊకోను. ముందుగాల గీ రంగు యాడికెళ్లి అచ్చిందో సూడున్రి."

సరిత గడపలోంచి వాకిట్లోకి దిగింది. "పోచమ్మ కాదు, నేను పోసిన. లెట్రిన్ల పోసిన అత్తమ్మా. శుక్రారం పొద్దుగూకంగ."

లెట్రిన్‌లో పోసింది బావిలో తేలింది. దాని అర్థం ఒక్కొక్కరికి ఒక్కో వేగంతో ఎక్కింది. చక్కెర బావి నీళ్లకు ఆ తీపి ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందోనని కొందరు మెల్లగా గోడ చాటుకు వెళ్లి ఉమ్మి వచ్చారు.

సత్తెవ్వ కొడుక్కు ఫోను కలిపించింది. ప్రేమ్‌సాగర్ క్రేన్ మీదున్నాడు. తెరలో అతని వెనక మస్కటంతా కనిపిస్తోంది.

"అవ్వా, గుంత బాయి దిక్కు ఎట్లుంటది? ఎడమ దిక్కు తవ్వుమన్న. నేనే నా కండ్లతోని సూపిచ్చిన. బాలకిషనన్నను అడుగు."

బాలకిషన్‌ను పిలిపించారు. పోశవ్వ అతని చేతికి ఫోనిచ్చింది. "మేస్త్రీ, ఆనాడు యాడ నిలవడ్డవో గాడనే నిలవడు. ఫోను ఎట్ల పట్టుకున్నవో గట్లనే పట్టుకో."

బాలకిషన్ వాకిలి మధ్యలో నిలబడి, ఫోను తన మొహానికెదురుగా పట్టుకున్నాడు. తెరలో ప్రేమ్‌సాగర్‌కు మేస్త్రి మొహం, దాని వెనక వాకిలి కనిపించాయి.

"ఆఁ, గట్లనే" అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఇగ ఎడమకు నడువన్నా."

బాలకిషన్ ఎడమకు తిరిగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరో అడుగు వెయ్యబోతే బావి గద్దె మోకాలికి తగిలింది.

"గీడనే తవ్విన" అన్నాడు.

"గటు కాదన్నా! ఎడమకు! నాకు ఎడమకు!"

"నీకు ఎడమంటే నాకెట్ల తెలుత్తది సాగర్? నువ్వు మస్కట్ల ఉన్నవ్, నేను గీడున్న. నా ఎడమ నాకుంటది గద."

"నా దిక్కు మొఖం బెట్టి నిలవడితివి, నీ ఎడమ నాకు కుడి అయితది!"

"గది ఆనాడే జెప్పకపోతివి. గుంత తవ్వినంక 'భేష్ అన్నా' అన్నవ్."

అంత ఎత్తు మీదినుంచి ప్రేమ్‌సాగర్‌కు సముద్రం కనిపిస్తుంది, ఓడలు కనిపిస్తాయి, కొండలు కనిపిస్తాయి. తన వాకిట్లో ఆరడుగులు కనిపించలేదు. "పొల్ల ఎట్లున్నదవ్వా?" అని అడిగాడు. తర్వాత అతను క్రేన్ దిగి, ఆ పూట పని మానేసి, గుంత పూడ్చేదాకా ఫోను పెట్టలేదు.

సత్తెవ్వ గడప పక్కనున్న సంచి తీసుకుంది. అందరం బస్సు దాకా మోస్తుందేమో అనుకున్నాం. ఆమె దాన్ని లోపలికి తీసుకెళ్లి, షోకేసు ముందు పెట్టి, అద్దం తలుపు తీసి, తెల్ల గొట్టాలు రెండూ కోడలి చేతిలో పెట్టింది. సెంటు సీసాల మధ్య రెండు ఖాళీ జాగాలు మిగిలాయి.

ఆ తర్వాత రెండు నెలలు చక్కెర బావికి సెలవు. పాత గుంత పూడ్చారు. అవతలి మూల కొత్తది తవ్వారు. ఈసారి పోశవ్వ ముగ్గుపిండితో నేల మీద గీత గీసి, "ఎడమా లేదు, కుడీ లేదు. గీ గీతల తవ్వు" అంది బాలకిషన్‌తో. మోటారు పెట్టి బావి ఎండబెట్టారు, బ్లీచింగ్ వేశారు, మళ్లీ ఊరనిచ్చారు. ఏడు సీసాల్లో మిగిలింది ఒక్కటే. పోశవ్వ దాన్ని చివరి పరీక్షకు దాచింది.

ఆ రెండు నెలలూ సత్తెవ్వ ఇంటికి నీళ్లు పోశవ్వ ఇంటి నల్లా నుంచే వెళ్లాయి. ఆ ఇంట్లో సొంతానికి నల్లా గొట్టం ఎన్నడూ పెట్టించుకోలేదు కదా, తియ్యటి బావి ఉండగా ఎందుకని. మొదటి రోజు సత్తెవ్వ బిందె పట్టుకుని వచ్చి, పోశవ్వ వాకిట్లోకి అడుగు పెట్టకుండా, నల్లాకు రెండడుగుల అవతల ఆగింది. బిందెను ముందుకు చాచి పట్టుకుంది. పైనుంచి పొయ్యడానికి పోశవ్వ వస్తుందని ఎదురుచూస్తోంది. నలభై ఏళ్లుగా మా వాడవాళ్లు నిలబడ్డట్టే నిలబడింది.

నేను గోడ మీద కూర్చుని ఆ ధార కోసమే చూస్తున్నాను. ఒక్క చుక్క తగలకుండా జానెడు ఎత్తున పోసి చూపిస్తే, ఆ ముచ్చట నా మనవలకు కూడా చెప్పుకునేవాణ్ని. పోశవ్వ చాట దించలేదు, తల ఎత్తలేదు.

"బిందె కింద పెట్టక్కా. నల్ల నువ్వే తిప్పుకో. కాగబెట్టి తాగు."

సత్తెవ్వ ఆ రెండడుగులూ వేసి బిందె కింద పెట్టింది. తర్వాత నల్లా తిప్పింది.

మోక్షకు మళ్లీ సెలైన్ ఎక్కలేదు. తల మీద గొరిగిన చోట జుట్టు వచ్చింది. ఆ జుట్టు తక్కినదానికంటే ఒత్తుగా, ఉంగరాలుగా ఉందని నేనంటాను, సరిత కాదంటుంది. ఎర్ర కోడి తొమ్మిది గుడ్లకు ఎనిమిది పిల్లల్ని చేసింది. తొమ్మిదోది సీసాలను చూసి అసూయతో మురిగిపోయింది. ఆ ఎనిమిది పిల్లలూ ఈనాటికీ మురికి నీళ్లు కనబడితే తల తిప్పుకుని నడుస్తాయి. ఆ కోడి పేరు మీద జగిత్యాలలో ఒక ప్రయోగశాల కట్టాలని నేను అర్జీ కూడా రాశాను. జవాబు రాలేదు. నా రాత వాళ్లకు అర్థమై ఉండదు.

ఇదంతా రాసి, మొన్న పోశవ్వ అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె చేతులు ఆగలేదు. ఒక కట్ట కట్టి పక్కన పడేసి, దారం పళ్లతో తెంపి, అప్పుడు అంది:

"నలబై బాయిలు కాదు, సీసలే ఏడు. అండ్ల ఒకటి బొడ్లె కారిపాయె. కోడి ఎవ్వలికేం జెప్పలే, ఎచ్చగ కూసున్నది. నీళ్లు నల్లగైనయ్, కాగబెట్టి తాపుమన్న. పొల్ల బతికింది. గంతే."